పదకొండూ యాభై సైరన్

ఆ ఎండాకాలం ఏటి మధ్య ఇసుక తిన్నె మీద పద్నాలుగు మంది పుచ్చపాదులు వేసుకున్నారు. తిన్నెకి మూడు కిలోమీటర్ల ఎగువన ఆనకట్ట, దాని కింద చిన్న పవర్‌హౌస్ ఉన్నాయి. గేటు తెరిస్తే నీళ్లు పద్దెనిమిది నిమిషాల్లో తిన్నె దగ్గరికి వస్తాయి. ఇరవై రెండేళ్లుగా గేటు సాయంత్రం ఆరింటికే తెరిచేవారు. ఆ వేళకి తిన్నె మీద ఎవరూ ఉండరు; రాత్రి మునిగిన పాదులు తెల్లారేసరికి తేలేవి, వేళ్లూనినవి నిలిచేవి. అయినా ఐదున్నరకి పవర్‌హౌస్ వాచ్‌మన్ సైకిల్ మీద గట్టు వెంట వచ్చి కేకేసేవాడు. తిరుగు కేక వినబడకపోతే వెళ్లిపోయేవాడు.

ఆ ఏడాది ఆరు కాస్తా నాలుగైంది.

దాన్ని మార్చింది నలుగురు విద్యార్థులు. నలుగురూ నాలుగు దేశాల వాళ్లు. పునరుత్పాదక ఇంధనం మీద పదిహేను నెలల కోర్సు చదువుతున్నారు. చివరి మూడు నెలలూ పని జరిగే చోట ఉండి ఒక ప్రాజెక్టు చెయ్యాలి. వీళ్లకి ఈ ఆనకట్టనీ, పక్క గుట్ట మీది సోలార్ పలకలనీ అప్పగించారు. పలకల నుంచి వచ్చే కరెంటు నాలుగింటి నుంచి తగ్గుతుంది. చుట్టుపక్కల వాడకం అప్పటి నుంచే పెరుగుతుంది. ఎండ దిగేటప్పుడు నీళ్లు అందుకోవాలి. ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క వాక్యమే. అందుకని గేటు నాలుగింటికి తెరవాలి.

ఒకరి పేరు ఇంకొకరికి నోరు తిరగక మొదటి వారంలోనే మారుపేర్లు పెట్టుకున్నారు. చలి దేశం అమ్మాయి మంచు. కంప్యూటర్ల పని ఆమెది. సముద్రం మధ్య నుంచి వచ్చినవాడు దీవి. అతను టర్బైనూ గేటూ చూస్తాడు. సోలార్ పలకలు చూసేవాడు ఎడారి. నాలుగో అమ్మాయి దేశంలో ఎండా వానా చలీ అన్నీ ఉండడంతో ఏ పేరూ కుదరలేదు. ప్రతి సంగతీ రిజిస్టర్లో రాసుకుంటుంది కాబట్టి రిజిస్టర్ అన్నారు. ప్రయోగం రికార్డు రాయడం ఆమె పని. తిన్నెకి ఎదురుగా ఒడ్డున నీటిమట్టం కొలిచే గేజీ పలక ఉంది. దాని రీడింగులూ ఆమెవే.

సైరన్ ఎవరి పనీ కాదు. ప్లానులో దానికి ఒక్క లైను ఉంది: ‘విడుదలకు పది నిమిషాల ముందు హెచ్చరిక, ఆటోమేటిక్.’ తిన్నెకి ఎదుటి రేవు దగ్గర స్తంభం పాతి సైరన్ బిగించారు. వాచ్‌మన్‌ని సోలార్ పలకలు తుడిచే పనిలో వేశారు. సైకిల్ పవర్‌హౌస్ గోడకి ఆనించి ఉండిపోయింది.

పలకల అంకెలు, టర్బైన్ అంకెలు అన్నీ విశ్వవిద్యాలయం సర్వర్‌లోకి వెళ్తాయి. సర్వర్ ఉన్నది ఇంకో దేశంలో. దాని గడియారం ఇక్కడి కంటే నాలుగు గంటలు ముందు. తికమక లేకుండా ప్రాజెక్టులో ప్రతి లెక్కా సర్వర్ టైములోనే రాయాలని నలుగురూ మొదటి రోజే అనుకున్నారు. అది వాళ్లెవరి ఊరి టైమూ కాదు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. గేటు మాత్రం ఫోర్‌మన్ చేత్తో తెరుస్తాడు. ఆయన చూసుకునేది తన చేతి గడియారం. సైరన్‌ని మంచు సర్వర్‌కి కలిపి 15:50 అని పెట్టింది.

నీళ్లు వదలకముందు పది రోజులు ఉత్త రిహార్సల్. గేటు తెరవడం తప్ప మిగతా క్రమమంతా నడుస్తుంది. మొదటి రోజు పదకొండూ యాభైకి, నలుగురూ హాస్టల్లో భోజనాల బల్ల దగ్గర ఉండగా, రేవు వైపు నుంచి సైరన్ వినబడింది.

“ఇక్కడ కూడా ఉందన్నమాట,” అంది మంచు. “మా దగ్గర నెలకోసారి మోగిస్తారు. మధ్యాహ్నం పూటే. యుద్ధమొస్తే పనిచేస్తాయో లేదో చూసుకోవడానికి.”

“మా ఊళ్లో రోజూ పన్నెండింటికి ఫైరింజన్ వాళ్లు మోగిస్తారు,” అన్నాడు ఎడారి. “అందరూ గడియారాలు సరిచేసుకుంటారు.”

“మా ఇంటి దగ్గర మిల్లు కూత వేసేది,” అంది రిజిస్టర్. “మా నాన్నకి షిఫ్టు మారే టైము.”

దీవి కంచం ముందుకి లాక్కున్నాడు. “మాకు తుఫానొస్తేనే సైరన్. అన్నానికి మా అమ్మ పిలుపు చాలు, మూడు ఇళ్లవతలకి వినబడుతుంది.”

నలుగురూ నవ్వారు. అది ఈ ఊరి అలవాటని నలుగురూ అనుకున్నారు. నాలుగు దేశాల్లోనూ సైరన్ ఏదో ఒక పనికి మోగుతుంది కాబట్టి ఎవరికీ అడగాలనిపించలేదు.

ఫోర్‌మన్‌కి అది వినబడదు. పవర్‌హౌస్ మూడు కిలోమీటర్ల పైన ఉంది. రాత్రికి సర్వర్ నుంచి వచ్చే కాగితంలో ‘15:50, సైరన్ మోగింది’ అని ఉండేది. రిజిస్టర్ దాన్ని చూసి తన గడిలో టిక్కు పెట్టేది. పది రోజుల్లో పది టిక్కులు పడ్డాయి.

హాస్టల్లో వంటమనిషిని నలుగురూ పెద్దమ్మా అనేవాళ్లు. ఆమెకి నలభై ఐదేళ్లు. మధ్యాహ్నం వడ్డించి, గిన్నెలు కడిగి, ఒంటిగంటకి ఏట్లోకి దిగి తిన్నె మీదికి వెళ్తుంది. ఆ పద్నాలుగు మందిలో ఆమె, ఆమె భర్త, అత్త ఉన్నారు. మూడు గంటలు పాదుల్లో పనిచేసి నాలుగింటికి మళ్లీ ఏరు దాటి వంటింట్లోకి వస్తుంది. ఆ రోజుల్లో పాయలో నీళ్లు చీలమండ లోతు.

పదో రోజు రిజిస్టర్ మూడూ నలభైకే వంటింటి మెట్టు మీద కూర్చుంది. టీ కోసం వచ్చింది. పొయ్యి వెలిగించేవాళ్లు లేక రిజిస్టర్లో గీతలు కొట్టుకుంటూ ఉండిపోయింది. గోడ గడియారం నాలుగైంది, సైరన్ మాత్రం వినబడలేదు. పెద్దమ్మ తడి కాళ్లతో వచ్చి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

“పెద్దమ్మా, ఇందాక నువ్వు ఏట్లోనే ఉన్నావుగా. సైరన్ వినబడిందా?”

“ఇప్పుడా? ఇప్పుడెందుకు మోగుతుంది తల్లీ. మధ్యాహ్నం మోగిందిగా, అన్నం గంట.”

“అన్నం గంటా?”

“మీ కాలేజీదేగా. మిమ్మల్ని అన్నాలకి పిలవడానికి పెట్టారంటున్నారు. మా వాళ్లు కూడా దానికే చేతులు కడుక్కుంటున్నారు. మా అత్తకైతే అదంటే భలే ఇష్టం. ఎండకేసి చూసి కళ్లు చెడగొట్టుకునే బాధ తప్పిందంటుంది.”

రిజిస్టర్ టీ తాగకుండానే లేచింది.

మంచు గదిలో ముగ్గురూ ఉన్నారు. రిజిస్టర్ అడిగింది ఒక్క ప్రశ్నే. మంచు కంప్యూటర్ తెరిచి చూసి, నాలుగు వేళ్లు మడిచింది.

“సర్వర్‌లో పదిహేనూ యాభై,” అంది. “ఇక్కడ పదకొండూ యాభై.”



“అంటే మనం రోజూ వింటున్నాం,” అన్నాడు ఎడారి.

“మీ ఫైరింజన్ కాదన్నమాట,” అన్నాడు దీవి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడే అసలు విడుదల. విశ్వవిద్యాలయం నుంచి కమిటీ వస్తోంది. నలుగురూ పవర్‌హౌస్‌కి వెళ్లి ఫోర్‌మన్‌కి చెప్పారు. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“మంచిపని చేశావమ్మాయ్,” అన్నాడు రిజిస్టర్‌తో. “లేకపోతే రేపు కూతా కేకా లేకుండా నీళ్లు పోయేవి. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగం కూడా వాటితోనే పోయేది. సరిచెయ్యడానికి ఎంతసేపు?”

“మూడు నిమిషాలు,” అంది మంచు.

“అయ్యాక ఒకసారి మోగించి చూస్తారా?”

“ఇప్పుడు మోగిస్తే కింద జనం కంగారుపడతారండీ. రేపు ఎలాగూ మోగుతుంది.”

ఫోర్‌మన్ తలూపాడు. మంచుకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్టర్ తన పది టిక్కుల పక్కనా ‘స్థానిక సమయం 11:50’ అని రాసి, కింద ‘సరిచేశాం’ అని రాసి సంతకం పెట్టింది. ఫోర్‌మన్ కూడా పెట్టాడు. విడుదల వేళ మారిందన్న నోటీసు అంతకు వారం ముందే పవర్‌హౌస్ గేటుకి అంటించి ఉంది. తిన్నె మీద వాళ్లకి పవర్‌హౌస్‌తో పని లేదు.

తప్పు దొరికింది, సరిచేశారు, సంతకాలయ్యాయి. ఏట్లోకి వెళ్లి ఒక మాట చెప్పాలని ఆ గదిలో ఐదుగురిలో ఒక్కరికీ తోచలేదు. సాయంత్రం పెద్దమ్మ వడ్డించేటప్పుడు కూడా రిజిస్టర్‌కి తోచలేదు. ఆ సంగతి తరవాత ఆమె ఎన్నిసార్లు తలుచుకున్నా కారణం దొరకలేదు.

మర్నాడు పదకొండూ యాభైకి సైరన్ మోగలేదు. నలుగురూ బల్ల దగ్గర గడియారం చూస్తూ కూర్చున్నారు. పన్నెండైంది.

“సరిపోయింది,” అంది మంచు.

తిన్నె మీద వాళ్లు కూడా ఎదురుచూశారు. గంట కొట్టలేదని పని ఆపలేదు. ఒంటిగంట దాటాక పెద్దమ్మ వెళ్లి, మూటలు విప్పలేదేమని అడిగితే అప్పుడు తిన్నారు. అత్త రోజూ పన్నెండింటికి తిని, తిన్నె మధ్య ఎత్తున వేసిన పందిరి కింద పడుకుని, మూడింటికి లేచి ఇంటికి వెళ్తుంది. ఆ రోజు ఆమె తినేసరికి రెండైంది.

మూడూ నలభైకి రిజిస్టర్ గేజీ దగ్గరికి వచ్చింది. గేజీలో నీళ్లు ఇరవై రెండు సెంటీమీటర్లు. తిన్నె అంచు గేజీ లెక్కలో తొంభై. పందిరి వేసిన చోటు నూట ఇరవై. పూర్తి విడుదలకి నీళ్లు నూట డెబ్భై దాకా వస్తాయి. ఈ అంకెలన్నీ ఆమె స్వయంగా కొలిచి రాసినవే. ఒడ్డు నుంచి చూస్తే తిన్నె మీద మనుషులు స్పష్టంగా కనబడుతున్నారు. కాయలు కోసి బుట్టల్లో వేస్తున్నారు.

మూడూ యాభైకి సైరన్ మోగింది. స్తంభం ఆమెకి ఇరవై అడుగుల్లోనే ఉంది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఒక నిమిషం మోగి ఆగింది.

తిన్నె మీద ఎవరూ తలెత్తలేదు. ఒకతను మాత్రం నడుం నిఠారుగా చేసి ఒడ్డు వైపు చూసి కేకేశాడు.

“ఏంటమ్మాయ్, ఇవాళ మీకు అన్నం ఇంత ఆలస్యమైంది?”

“వంట మాడిందేమో,” అంది పాదుల్లోంచి ఒకామె.

“మా ఆవిడే కదా వండింది, అడుగు,” అన్నాడు పెద్దమ్మ భర్త. పాదుల్లో అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది.

రిజిస్టర్ చెప్పుల్తోనే నీళ్లలోకి దిగింది. పాయ దాటి ఇసుకలో పరుగెత్తడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

“నీళ్లొస్తున్నాయి. లేవండి. గట్టెక్కండి.”

“నీళ్లు ఆరింటికి కదా,” అన్నాడు పెద్దమ్మ భర్త.

“ఇవాళ్టి నుంచి నాలుగింటికి.”

“ఎవరు చెప్పారు?”

“మేమే మార్చాం.”

“ఆరింటికి వచ్చే నీళ్లు నాలుగింటికి రావడమేంటమ్మాయ్? సైకిలాయన రాలేదుగా,” అన్నాడు ఇందాకటతను. “లారీ ఐదింటికొస్తుంది. ఈలోపల బుట్టలు నింపాలి. నువ్వు కాస్త పక్కకి జరుగు.”

“సైరన్ మోగింది కదా,” అంది రిజిస్టర్.

“అది రోజూ మోగేదేగా.”

ఆమె ఫోన్ తీసి కంట్రోల్ రూముకి చేసింది. దీవి ఎత్తాడు.

“గేటు ఆపమను. ఇక్కడ ఎవరూ కదలడం లేదు.”

“సైరన్ మోగిందా?”

“మోగింది. అన్నం గంట అనుకుంటున్నారు. ఫోర్‌మన్ గారికి ఫోనివ్వు.”

“ఆయన గేటు మీద ఉన్నాడు. కమిటీ వాళ్లు కూడా అక్కడే. ఉండు, పరుగెడతాను.”

కంట్రోల్ రూము నుంచి గేటుకి నూట నలభై మెట్లు. దీవి ఫోన్ చేతిలో పట్టుకునే ఎక్కాడు. అతని ఊపిరి రిజిస్టర్‌కి వినబడుతూనే ఉంది. పైకి చేరేసరికి గేటు తెరిచి రెండు నిమిషాలైంది. ఫోటోలు తీస్తున్నారు. ఫోర్‌మన్ విని, ఎవరినీ అడగకుండా చక్రం వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. పూర్తిగా మూతపడేసరికి నాలుగూ ఏడు. తిప్పుతూనే, ఫోన్‌ని తన చెవి దగ్గర పెట్టమని దీవితో అన్నాడు.

“స్పీకర్లో పెట్టమ్మాయ్.”

ఆమె పెట్టింది.

“ఒరేయ్,” అన్నాడు ఫోర్‌మన్. ఆ గొంతు వాళ్లకి తెలుసు. “నేను రా. గేటు తెరిచాను. మూసేస్తున్నాను గానీ వదిలిన నీళ్లు వెనక్కి తెచ్చుకోలేను. బుట్టలు వదిలి నడవండి.”

అప్పుడు లేచారు. నాలుగూ ఐదైంది. అయినా బుట్టలు వదల్లేదు. ఒక్కొక్కరూ రెండేసి మోశారు. పెద్దమ్మ భర్త నీళ్ల ఇంజను విప్పబోతే రిజిస్టర్ అతని చెయ్యి పట్టుకుని లాగింది. అతను ఆమె వైపు ఒకసారి చూసి, స్పానర్ జేబులో వేసుకుని నడిచాడు. నాలుగూ పదమూడుకి గట్టు మీద ఉన్నారు. రిజిస్టర్ లెక్కపెట్టింది. పదమూడు మంది.

మళ్లీ లెక్కపెట్టింది. పదమూడు.

“అత్త ఇంటికి పోయిందిగా,” అంది పెద్దమ్మ. “మూడింటికే పోతుంది.”

“నేను చూళ్లేదు పోవడం,” అన్నాడు భర్త.

పెద్దమ్మ పందిరి వైపు చూసింది. కింద ఏదో దుప్పటి ఉంది. ఆమె బుట్ట దింపి గట్టు దిగింది. భర్త వెనక దిగబోతే ఇద్దరు పట్టుకున్నారు. అతను పెనుగులాడి ఒకణ్ణి కిందపడేశాడు. ఇంకో ఇద్దరొచ్చి పట్టుకున్నారు. పెద్దమ్మ పాయ దాటి ఇసుకలో నడుస్తోంది. ఆమె పరుగెత్తలేదు. ఇసుకలో పరుగెత్తితే ఇంకా ఆలస్యమవుతుందని ఆమెకి తెలుసు.

నాలుగూ పద్దెనిమిదికి ఎగువన వంపు దగ్గర నీళ్లు కనబడ్డాయి. రంగు మట్టిది. చప్పుడు ఆ తరవాత వచ్చింది. అప్పటికి పెద్దమ్మ పందిరి కింద ఉంది.

“రీడింగ్ చెప్పమ్మాయ్,” అన్నాడు ఫోర్‌మన్ ఫోన్లో. గేటు ఎంతసేపు తెరిచి ఉందో ఆయనకి తెలుసు. ఎన్ని నీళ్లు వెళ్లాయో అంచనా ఉంది. ఎంత ఎత్తు వస్తాయో గేజీయే చెప్పాలి.

“నలభై,” అంది రిజిస్టర్.

తిన్నెకీ ఒడ్డుకీ మధ్య పాయలో రాళ్లు మునిగాయి.

“అరవై ఒకటి.”

పందిరి కింద పెద్దమ్మ అత్తని లేపి నిలబెట్టింది. ఇద్దరూ రెండడుగులు ఒడ్డు వైపు వేసి ఆగారు. వెనక్కి వెళ్లారు.

“ఎనభై. తొంభై.”

తిన్నె అంచు కనబడడం లేదు. ఇంజను ఒక పక్కకి వాలి నీళ్లలోకి జారింది. పాదులు తీగలతో సహా లేచి తేలుతున్నాయి. పెద్దమ్మ భర్త పెనుగులాడడం మానేశాడు. రిజిస్టర్ నోటి వంకే చూస్తున్నాడు.

“నూట రెండు. నూట తొమ్మిది.”

“ఎవరైనా ఉన్నారా అక్కడ?” అన్నాడు ఫోర్‌మన్.

“ఇద్దరు. నూట పద్నాలుగు.”

పెద్దమ్మ అత్తని పందిరి రాట పట్టుకోమని, తను వెనక నిలబడి రెండు చేతులూ రాట చుట్టూ వేసింది.

“నూట పదిహేడు.”



“నూట పద్దెనిమిది,” అంది రిజిస్టర్. నిమిషం ఆగి మళ్లీ “నూట పద్దెనిమిది” అంది. ఇంకో నిమిషం తరవాత మళ్లీ అదే అంది. తరవాత “నూట పదహారు” అంది. పెద్దమ్మ భర్త గట్టు మీద కూలబడ్డాడు.

నీళ్లు తగ్గి పాయ దాటే లోతు వచ్చేసరికి ఆరున్నరైంది. భర్త వెళ్లి తల్లిని వీపు మీద మోసుకొచ్చాడు. పెద్దమ్మ వెనక నడిచింది. గట్టెక్కాక రిజిస్టర్ ముందు ఆగింది.

“నిన్న అడిగావు నన్ను,” అంది. “సైరన్ సంగతి. టీ కూడా తాగకుండా పోయావు.”

“అవును.”

“అప్పుడు తెలిసిందా నీకు?”

“తెలిసింది.”

పెద్దమ్మ హాస్టల్ వైపు కాక తన ఇంటి వైపు నడిచింది. ఆ పూట నలుగురూ బ్రెడ్డు తిన్నారు.

కమిటీ కాగితంలో నీటి విడుదల ‘ఏడు నిమిషాల పాక్షిక పరీక్ష, సంతృప్తికరం’ అని వచ్చింది. సైరన్ సరైన సమయానికి మోగిందని కూడా ఉంది. తరవాత నాలుగు రోజులు అంకెలు సరిచూసుకోవడానికి నీళ్లు వదలరు. ఐదో రోజు, అంటే పదహారో రోజు, పూర్తి విడుదల. ఆ రోజు నుంచి ప్రతిరోజూ. సైరన్ క్రమంలో భాగం కాబట్టి నీళ్లున్నా లేకున్నా మూడూ యాభైకి మోగుతుంది.

“నీళ్లు లేని నాలుగు రోజులూ మోగకుండా ఆపు,” అంది రిజిస్టర్ మంచుతో.

“నా చేతిలో లేదు. కమిటీ చూశాక ప్రోగ్రాం మార్చకూడదని తాళం వేశారు. పాస్‌వర్డ్ మన కోర్సు కోఆర్డినేటర్ మేడం దగ్గరుంది.”

రిజిస్టర్ మేడంకి ఫోన్ చేసింది.

“సైరన్ మీ నలుగురిలో ఎవరి విభాగం కిందికి వస్తుందమ్మా?” అంది మేడం.

“ఎవరి కిందికీ రాదండీ.”

“మరి మార్పుకి ఎవరు సంతకం పెడతారు? భద్రతా సంఘానికి రాసి పంపు. వచ్చే నెల మొదటి వారంలో కూర్చుంటారు.”

ఆమె రాసి పంపింది. ఫోర్‌మన్ స్తంభం వైర్లు పీకేస్తానన్నాడు. మళ్లీ తనే ఆగాడు. “పీకాక నీళ్లున్న రోజు మళ్లీ ఎవరు కలుపుతారు? మర్చిపోతే?” అన్నాడు. వాచ్‌మన్‌ని తిరిగి ఇమ్మని ఆఫీసుకి రాశాడు. ఆ పోస్టు ఇప్పుడు లేదని జవాబొచ్చింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం రిజిస్టర్ గట్టు మీద కూర్చుంది. తిన్నె మీద మిగిలిన పాదులు సర్దుతున్నారు. ఇవాళ నీళ్లు రావని ముందే చెబితే, సైరన్ అబద్ధమాడుతుందని తనే చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే వాళ్లంతట వాళ్లే చూసి తెలుసుకుంటారు. ఏది మంచిదో తేల్చుకోలేక చెప్పలేదు. మూడూ యాభైకి సైరన్ మోగింది. పద్నాలుగు మందీ బుట్టలు వదిలి పరుగెత్తి గట్టెక్కారు. ఐదింటిదాకా నిలబడ్డారు. ఏట్లో ఇరవై రెండు సెంటీమీటర్లే ఉంది.

రిజిస్టర్లో సైరన్ గడిలో టిక్కు బదులు ఆమె ‘14’ అని రాసింది.

పదమూడో రోజు సైరన్‌కి పదకొండు మంది గట్టెక్కారు. పద్నాలుగో రోజు ఆరుగురు. పదిహేనో రోజు ముగ్గురు. ఆ ముగ్గురూ పెద్దమ్మ, ఆమె భర్త, అత్త. భర్త గట్టు మీద నిలబడి, “ఇలాగైతే పంట చేతికి రాదు,” అని పెద్దమ్మతో అన్నాడు. రిజిస్టర్‌కి వినబడేటట్టే అన్నాడు.

పదహారో రోజు కంట్రోల్ రూములో నలుగురూ ఉండాలి. రిజిస్టర్ తన పుస్తకం ఎడారికి ఇచ్చింది.

“నువ్వెక్కడికి?” అన్నాడతను.

“ఏట్లోకి.”

“మార్కులు పోతాయి. హాజరు ముఖ్యమన్నారు.”

“పోనీ.”

దీవి కుర్చీలోంచి లేచాడు. “నేనూ రానా?”

“నువ్వు గేటు దగ్గరుండు. ఫోన్ చేస్తే ఎత్తు. ఈసారి ముందే పైన ఉండు.”

మూడున్నరకి ఆమె చెప్పులు గట్టు మీద వదిలి పాయ దాటి తిన్నె ఎక్కింది. పాదుల మధ్య ఇసుకలో చతికిలపడింది. అందరూ చూశారు.

“ఇవాళ నిజంగా వస్తాయి,” అంది. “పూర్తిగా. నూట డెబ్భై. పందిరి ఉన్న చోటు కూడా మునుగుతుంది.”

“నిన్న కూడా మోగింది,” అన్నాడు, ఆ రోజు అన్నం గురించి అడిగినతను.

“నిన్న నేను గట్టు మీద కూర్చున్నాను. ఇవాళ ఇక్కడ కూర్చున్నాను. సైరన్ సంగతి వదిలెయ్యండి. నేను లేచినప్పుడు లేవండి.”

అతను మళ్లీ వంగి తీగని ఇసుక మీద సర్దే పనిలో పడ్డాడు. అత్త వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఒళ్లో పుచ్చగింజలున్నాయి. పోయిన పాదుల చోట మళ్లీ నాటుతున్నారు.

“రేపూ వస్తావా?” అంది అత్త.

“వస్తాను.”

“రోజూ?”

“రోజూ.”

“మీ చదువు ఎప్పుడైపోతుంది తల్లీ?”

“ఇంకా పంతొమ్మిది రోజులు.”

“తరవాత?”

“ఎవరి దేశానికి వాళ్లం వెళ్లిపోతాం.”

అత్త వేలితో ఇసుకలో గుంట చేసి గింజ వేసి మూసింది. “ఇవి కాయడానికి డెబ్భై రోజులు పడుతుంది,” అంది.

సైరన్ మోగింది. రిజిస్టర్ లేచి అత్తకి చెయ్యి అందించి లేపింది. పెద్దమ్మ వచ్చి రెండో వైపు పట్టుకుంది. పెద్దమ్మ భర్త ఇంకో ఆరుగురిని భుజాలు తట్టి లేపాడు. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది లేచారు. మిగతావాళ్లు చేతుల్లో తీగలు వదలకుండా, రిజిస్టర్ నిజంగా గట్టు వైపు నడుస్తుందా లేదా అని చూస్తున్నారు.